జన్యువు రాత – తలరాత

'విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?' అంటుంది మన సామెత. ఈ సామెతలో ఒక సత్యమూ, ఒక అసత్యమూ కలిసి ఉన్నాయి. కంది వేసిన చేలో కందే మొలుస్తుంది, జొన్న మొలవదు. ఇది తరతరాల సేద్యగాళ్ళ అనుభవం నుంచి తేలిన సత్యం. కాని ఈ సామెతను చేను గట్టు దాటించి మనుషులకు వర్తింపజేశారు. చదువు కొందరి రక్తంలోనే ఉంటుందనీ, పాకీపని మరికొందరి పుట్టుకలోనే ఉంటుందనీ చెప్పడానికి దీన్ని వాడుకున్నారు. మన నవలలూ సినిమాలూ ఈ భావానికి తమ వంతు సేవ చేశాయి. తప్పిపోయిన జమీందారు బిడ్డ గుడిసెలో పెరుగుతాడు. చివరకు అతని 'రక్తం' బయటపడుతుంది. చదువరి కళ్ళు తుడుచుకుంటాడు. గుడిసెలో పుట్టిన బిడ్డకు ఏ రక్తం ఉన్నట్టు అని అడిగేవాళ్ళు తక్కువ.

జన్యుశాస్త్రం చదివే విద్యార్థి ఈ వాతావరణంలోంచే తరగతి గదికి వస్తాడు. అక్కడ మన పేగుల్లో బతికే బాక్టీరియా చేత మనిషి శరీరంలో తయారయ్యే ఇన్సులిన్‌ను తయారు చేయించవచ్చునని నేర్చుకుంటాడు. అంటే విత్తొకటి, కాపు మరొకటి! ఈ విద్య ఏమిటో, ఎట్లా పనిచేస్తుందో తెలియకుండా దాన్ని మెచ్చుకున్నా, తిట్టినా ప్రయోజనం లేదు. కనుక ముందు మూలసూత్రాలు చూద్దాం. ఆ తర్వాత రెండు ప్రశ్నలు వేసుకుందాం. జన్యువులలో ఉన్న రాత మన తలరాతేనా? ఆ రాత ఎవరి సొత్తు?

నాలుగక్షరాల రాత

1866లో మెండెల్ బఠానీ మొక్కల మీద తన పరిశోధనలు ప్రచురించే నాటికి 'జీన్' అనే మాటే పుట్టలేదు. తల్లిదండ్రుల లక్షణాలు పాలూ నీళ్ళలా కలిసిపోవనీ, విడివిడి అంశాలుగా ఒక తరం నుంచి మరో తరానికి అందుతాయనీ ఆయన చూపించాడు. ఆ అంశాలు ఏ పదార్థంతో తయారయ్యాయో తెలియడానికి మరో 78 ఏళ్ళు పట్టింది. 1944లో ఎవరీ, మెక్లియాడ్, మెకార్టీ అనే శాస్త్రజ్ఞులు న్యుమోనియా కలిగించే బాక్టీరియా నుంచి డి.ఎన్.ఎ.ను శుద్ధి చేసి, హాని చేయని రకం బాక్టీరియాకు అందించారు. అది హానికరమైన రకంగా మారిపోయింది. దాని సంతతి కూడా అట్లాగే పుట్టింది. వారసత్వాన్ని మోసే పదార్థం డి.ఎన్.ఎ. అని దీనితో రుజువైంది.

డి.ఎన్.ఎ. నిర్మాణాన్ని 1953లో వాట్సన్, క్రిక్ ప్రతిపాదించారు. దానికి కీలకమైన ఎక్స్-రే చిత్రం రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలో తీసినది. ఆ చిత్రాన్ని ఆమెకు తెలియకుండానే వాట్సన్‌కు చూపించారు. 1962లో నోబెల్ బహుమతి వచ్చే నాటికి ఆమె మరణించి నాలుగేళ్ళయింది. శాస్త్ర చరిత్రలో శ్రమ ఒకరిది, పేరు మరొకరిది కావడం కొత్తేమీ కాదు.

ఆ నిర్మాణాన్ని మెలితిరిగిన నిచ్చెనగా ఊహించుకోవచ్చు. రెండు నిలువు పోగులు, వాటి మధ్య మెట్లు. మెట్లను కూర్చేవి నాలుగు క్షారాలు: అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. వీటినే ఎ, టి, జి, సి అనే నాలుగక్షరాలుగా రాస్తాం. ఎదురెదురు పోగుల్లో ఎ ఎప్పుడూ టి తోనే, జి ఎప్పుడూ సి తోనే జతకడుతుంది. కనుక ఒక పోగు తెలిస్తే రెండోది తెలిసినట్టే. కణం విభజన చెందే ముందు రెండు పోగులూ విడిపోతాయి. ఒక్కొక్కదాన్ని అచ్చుగా పెట్టుకొని కొత్త పోగు తయారవుతుంది. ఒక అణువు తన నకలును తానే ఎట్లా ఇవ్వగలదన్న చిక్కుముడి ఈ జతకట్టే నియమంతో విడిపోయింది.

ఈ అక్షరాల వరుసకు అర్థం ఏమిటి? జన్యువు అంటే స్థూలంగా ఒక ప్రోటీన్‌ను తయారు చేయడానికి కావలసిన సూచన. కణం ముందుగా ఆ సూచనకు ఒక నకలు తీస్తుంది. అది వార్తాహర ఆర్.ఎన్.ఎ. ఈ నకలును రైబోజోములు మూడేసి అక్షరాల చొప్పున చదువుతాయి. ఒక్కొక్క మూడక్షరాల మాటను కోడాన్ అంటారు. నాలుగక్షరాలతో 64 కోడాన్లు వస్తాయి. వీటిలో 61 కోడాన్లు 20 అమినో ఆమ్లాలను సూచిస్తాయి. మిగిలిన మూడూ 'ఇక్కడ ఆపు' అని చెప్పే గుర్తులు. ఈ సంకేతాన్ని విప్పిన వారిలో పంజాబు పల్లెలో పుట్టిన హరగోవింద ఖొరానా ఒకరు. 1968లో నోబెల్ బహుమతిని నీరెన్‌బర్గ్, హోలీలతో కలిసి ఆయన అందుకున్నారు.

విద్యార్థి మరువకూడని విషయం మరొకటుంది. కొద్దిపాటి మినహాయింపులు తప్ప ఈ సంకేతం జీవులన్నిటికీ ఒక్కటే. బాక్టీరియాలో, వరిలో, కప్పలో, మనిషిలో అదే కోడాన్ అదే అమినో ఆమ్లాన్ని సూచిస్తుంది. జీవరాశి అంతా ఒకే మూలం నుంచి పరిణామం చెందిందనడానికి ఇది బలమైన సాక్ష్యం. ఒక జీవి రాతను మరో జీవి చదవగలగడానికీ ఇదే ఆధారం.

కోత, కూర్పు

డి.ఎన్.ఎ.ను కావలసిన చోట కోసే కత్తిని మనిషి తయారు చేయలేదు. అది బాక్టీరియాలలోనే దొరికింది. బాక్టీరియాలకు కూడా వైరస్‌ల బెడద ఉంటుంది. లోపలికి చొరబడిన వైరస్ డి.ఎన్.ఎ.ను ముక్కలు చేయడానికి అవి కొన్ని ఎంజైములను తయారు చేసుకుంటాయి. తమ సొంత డి.ఎన్.ఎ. తెగిపోకుండా దాని మీద చిన్న రసాయనిక గుర్తులు పెట్టుకుంటాయి. వీటినే రిస్ట్రిక్షన్ ఎంజైములు అంటారు. వీటి పరిశోధనకు ఆర్బర్, స్మిత్, నాథన్స్ 1978లో నోబెల్ బహుమతి పొందారు.

ఈ ఎంజైముల గొప్పతనం ఎక్కడపడితే అక్కడ కోయకపోవడంలో ఉంది. ఉదాహరణకు ఇ.కోలై బాక్టీరియా నుంచి వచ్చిన ఎకో-ఆర్-1 అనే ఎంజైమ్ జి, ఎ, ఎ, టి, టి, సి అనే ఆరక్షరాల వరుస కోసం వెతుకుతుంది. ఎదుటి పోగును దాని దిశలో చదివినా అదే వరుస వస్తుంది. రెండు పోగుల్లోనూ జి కీ ఎ కీ మధ్య కోత పడుతుంది. కోత ఏటవాలుగా పడటం వల్ల రెండు కొనల దగ్గరా నాలుగేసి అక్షరాలు ఒంటి పోగుగా వేలాడుతూ మిగులుతాయి. ఇవే జిగురు కొనలు. అదే ఎంజైమ్‌తో కోసిన డి.ఎన్.ఎ. ఏ జీవిదైనా సరే, దాని కొనలు వీటితో జతకడతాయి. ఆ అతుకును లైగేజ్ అనే మరో ఎంజైమ్ శాశ్వతం చేస్తుంది. లైగేజ్ కూడా కణాలలో సహజంగా ఉన్నదే. తెగిన డి.ఎన్.ఎ.ను అతకడం దాని నిత్యకృత్యం.

కోసి అతికిన ముక్కను కణంలోకి చేర్చడానికి వాహకం కావాలి. బాక్టీరియాలలో ముఖ్య డి.ఎన్.ఎ.తో పాటు ప్లాస్మిడ్లు అనే చిన్న వలయాలు ఉంటాయి. అవి సొంతంగా నకళ్ళు పెంచుకుంటాయి. యాంటిబయాటిక్ మందులను తట్టుకొనే జన్యువులు చాలా వాటి మీద ఉంటాయి. ప్లాస్మిడ్‌ను కోసి, కావలసిన జన్యువును దానిలో అతికి, కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచిన బాక్టీరియాతో కలిపి కాసేపు వేడి తగిలిస్తే, కొన్ని కణాలు ఆ వలయాన్ని లోపలికి తీసుకుంటాయి. తీసుకున్నవి ఏవో ఎట్లా తెలుస్తుంది? యాంటిబయాటిక్ కలిపిన పోషక పదార్థం మీద వాటిని పెంచుతారు. ప్లాస్మిడ్ లేనివి చచ్చిపోతాయి, ఉన్నవి బతికి గుంపులు కడతాయి. ఇ.కోలై అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. అదే వేగం సాగితే పది గంటల్లో ఒక్క కణం నుంచి నూరు కోట్లకు పైగా కణాలు వస్తాయి. ప్రతి కణంలోనూ మనం పెట్టిన జన్యువు నకలు ఉంటుంది.

పునస్సంయోజక డి.ఎన్.ఎ. అంటే ఇదే. 1972లో పాల్ బర్గ్ రెండు వేర్వేరు వైరస్‌ల డి.ఎన్.ఎ.లను పరీక్షనాళికలో కలిపాడు. 1973లో కోహెన్, బోయర్ ప్లాస్మిడ్లతో పై పద్ధతిని నిరూపించారు. మరుసటి సంవత్సరం కప్ప జన్యువులను కూడా బాక్టీరియాలో ప్రవేశపెట్టారు. దీనిలోని ప్రమాదాన్ని మొదట గుర్తించినదీ శాస్త్రజ్ఞులే. బర్గ్ ప్రభృతులు 1974లో కొన్ని ప్రయోగాలను స్వచ్ఛందంగా నిలిపివేయాలని పిలుపునిచ్చారు. 1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో సమావేశమై భద్రతా నియమాలను రూపొందించారు. అయితే అక్కడ చర్చ ప్రయోగశాల గోడల మధ్య భద్రతకే పరిమితమైంది. ఈ విద్య ఎవరి చేతికి వెళుతుందన్న ప్రశ్న ఆ గోడల బయటే ఉండిపోయింది.

ఇన్సులిన్ ఉదాహరణ

సిద్ధాంతం ఆచరణలో ఎట్లా ఉంటుందో ఇన్సులిన్ విషయంలో చూడవచ్చు. 1921లో టొరంటోలో ఇన్సులిన్‌ను కనుగొన్న తర్వాత ఆరు దశాబ్దాల పాటు మధుమేహ రోగులకు పశువుల, పందుల క్లోమం నుంచి తీసిన ఇన్సులినే దిక్కు. అది మనిషి ఇన్సులిన్‌కు దగ్గరిదే గాని, అచ్చంగా అదే కాదు.

మనిషి ఇన్సులిన్‌లో రెండు గొలుసులు ఉంటాయి. ఎ గొలుసులో 21 అమినో ఆమ్లాలు, బి గొలుసులో 30. అయితే మనిషి జన్యువును ఉన్నదున్నట్టు తీసి బాక్టీరియాలో పెడితే పని జరగదు. మన జన్యువుల మధ్యలో ఇంట్రాన్లు అనే భాగాలు ఉంటాయి. ఆర్.ఎన్.ఎ. నకలులోంచి వాటిని కత్తిరించే ఏర్పాటు మన కణాలకు ఉంది, బాక్టీరియాకు లేదు. దీనికి రెండు మార్గాలున్నాయి. కత్తిరింపు పూర్తయిన ఆర్.ఎన్.ఎ. నుంచి రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ అనే ఎంజైమ్‌తో తిరిగి డి.ఎన్.ఎ. రాయించుకోవడం ఒకటి. అమినో ఆమ్లాల వరుస తెలుసు గనుక, దానికి తగిన అక్షరాలను రసాయనికంగా కూర్చుకోవడం రెండోది. 1978లో అమెరికాలో అనుసరించినది రెండో మార్గం.

రెండు గొలుసుల జన్యువులనూ విడివిడిగా కూర్చి, రెండు వేర్వేరు బాక్టీరియా గుంపులలో పెట్టారు. చిన్న ప్రోటీన్‌ను బాక్టీరియా పరాయిదిగా భావించి కరిగించివేస్తుంది. కనుక ఆ జన్యువును బాక్టీరియా సొంత ప్రోటీన్ అయిన బీటా-గాలక్టోసిడేజ్ జన్యువు తోకకు కట్టారు. అతుకు దగ్గర మెథియొనిన్ అనే అమినో ఆమ్లపు కోడాన్‌ను ఉంచారు. సయనోజన్ బ్రోమైడ్ అనే రసాయనం మెథియొనిన్ దగ్గరే ప్రోటీన్‌ను తెంపుతుంది. ఇన్సులిన్‌లో ఎక్కడా మెథియొనిన్ లేదు. అందువల్ల మోసుకొచ్చిన ప్రోటీన్ ముక్కలవుతుంది, ఇన్సులిన్ గొలుసు మాత్రం చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. చివరకు రెండు గొలుసులనూ గంధకపు బంధాలతో కలిపారు. 1982లో ఇది మందుగా అనుమతి పొందింది. పునస్సంయోజక పద్ధతిలో వచ్చిన తొలి ఔషధం ఇదే.

ఇక్కడ ఎవరెవరి శ్రమ కలిసిందో చూడండి. ఇన్సులిన్ వరుసను తేల్చిన శాంగర్, కోడాన్లను విప్పిన ఖొరానా తదితరులు, ఎంజైములను వెతికిన వారు, పేరైనా తెలియని ప్రయోగశాల సహాయకులు ఎందరో ఉన్నారు. ఇందులో చాలా భాగం ప్రజల పన్నుల డబ్బుతో సాగిన పరిశోధనే.

రాతను చదవడం

కోయడం, అతకడం తెలిసిన తర్వాత పూర్తిగా చదవడం మిగిలింది. 1977లో శాంగర్ ఒక ఉపాయం కనిపెట్టాడు. డి.ఎన్.ఎ. నకలు తయారవుతూ ఉండగా, గొలుసును ముందుకు సాగనీయని మొండి అక్షరాలను కొద్దిగా కలుపుతారు. అవి చేరిన చోటల్లా గొలుసు ఆగిపోతుంది. రకరకాల పొడవుల ముక్కలు వస్తాయి. వాటిని పొడవు వారీగా పేర్చితే ఎక్కడ ఏ అక్షరం ఉందో తెలుస్తుంది. అదే ఏడు సుమారు 5,400 అక్షరాల వైరస్‌ను చదివారు. 1995లో సుమారు 18 లక్షల జతల బాక్టీరియాను చదివారు. మానవ జీనోం, అంటే మనిషి వారసత్వ సమాచారం మొత్తం, సుమారు 300 కోట్ల జతలు. 1990లో మొదలైన అంతర్జాతీయ కృషి 2003 నాటికి దాదాపు పూర్తయింది. మిగిలిన ఖాళీలు 2022లో నిండాయి.

చదివిన తర్వాత పండితులకు ఒక గర్వభంగం జరిగింది. మనిషికి లక్ష జన్యువులైనా ఉంటాయని చాలామంది అనుకున్నారు. ప్రోటీన్లకు సూచనలిచ్చేవి 20 వేల దాపున తేలాయి. అవి మొత్తం అక్షరాల్లో రెండు శాతమైనా లేవు. మిగిలినదానిలో కొంత భాగం ఏ జన్యువు ఎక్కడ, ఎప్పుడు, ఎంత పనిచేయాలో నియంత్రిస్తుంది. జన్యువుకొక లక్షణం చొప్పున పంచిపెట్టే పాత చిత్రం దీనితో చెరిగిపోయింది.

రాత తలరాత కాదు

ఒక్క అక్షరం మారితే ఏమవుతుందో సికిల్ సెల్ వ్యాధిలో చూడవచ్చు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో కోడాన్ జి-ఎ-జి. అది జి-టి-జి అయితే గ్లూటమిక్ ఆమ్లం స్థానంలో వేలిన్ వస్తుంది. ఎర్రకణాలు కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాలలో ఇరుక్కుంటాయి. విపరీతమైన నొప్పులు, రక్తహీనత కలుగుతాయి. మన దేశంలో ఈ వ్యాధి గిరిజనులలో ఎక్కువ. మన ఏజెన్సీ ప్రాంతాలూ ఇందుకు మినహాయింపు కాదు.

జన్యువే తలరాత అనడానికి ఇంతకన్నా ఉదాహరణ దొరకదనిపిస్తుంది. కాని మరికొంత లోతుకు వెళ్ళి చూడండి. ఈ మార్పు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే వ్యాధి. ఒకరి నుంచే వస్తే మనిషి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు, పైగా తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ పొందుతాడు. దోమలు ముసిరే అడవుల్లో ఈ అక్షరం నిలిచిపోవడానికి కారణం అదే. అంటే ఒకే రాత ఒక చోట శాపం, మరో చోట రక్ష. దాని అర్థాన్ని పరిసరాలు నిర్ణయిస్తున్నాయి. వ్యాధి ఉన్నవారిలో కూడా తొలి రోజుల్లోనే రక్తపరీక్ష చేసి, హైడ్రాక్సీయూరియా వంటి మందు క్రమంగా అందిస్తే బాధ తగ్గుతుంది, ఆయుష్షు పెరుగుతుంది. ఆ గూడేనికి రోడ్డు ఉందా, ఆసుపత్రిలో డాక్టరు ఉన్నాడా అన్న సంగతులు ఏ క్రోమోజోములోనూ రాసిపెట్టి లేవు.

ఇక కులం మాట. ఏ ఇద్దరు మనుషులను తీసుకున్నా డి.ఎన్.ఎ.లో 99.9 శాతం అక్షరాలు ఒక్కటే. మిగిలిన తేడాలలో కూడా అత్యధిక భాగం, సుమారు 85 శాతం, ఏ జన సమూహంలోనైనా వ్యక్తికీ వ్యక్తికీ మధ్య ఉండేదేనని 1972లోనే లెవాంటిన్ లెక్కగట్టాడు. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు విదేశీ శాస్త్రజ్ఞులతో కలిసి చేసిన పరిశోధనలు 2009లో, 2013లో వెలువడ్డాయి. సుమారు 4,200 ఏళ్ళ నుంచి 1,900 ఏళ్ళ క్రితం వరకు ఈ దేశంలోని జనసమూహాలు విస్తారంగా కలిసిపోయాయనీ, ఆ తర్వాతనే సొంత గుంపులోనే పెళ్ళిళ్ళు చేసుకునే కట్టడి బిగిసిందనీ అవి తేల్చాయి. కలగలుపు ముందు, గోడలు తర్వాత. గోడ కట్టినది సమాజం. 'రక్తశుద్ధి' గురించి మాట్లాడేవారి రక్తమే వారికి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతోంది.

ఎవరి సొత్తు?

టొరంటో శాస్త్రజ్ఞులు ఇన్సులిన్ పేటెంటును విశ్వవిద్యాలయానికి ఒక్కొక్క డాలరుకు అప్పగించారు. కోహెన్, బోయర్‌ల పద్ధతికి 1980లో పేటెంటు వచ్చింది. 1997లో గడువు ముగిసేలోగా వారి విశ్వవిద్యాలయాలకు దాని మీద సుమారు 25 కోట్ల డాలర్లు ముట్టాయి. ఆ 1980లోనే అమెరికా సుప్రీంకోర్టు, ఆనంద మోహన్ చక్రవర్తి రూపొందించిన, ముడి చమురును తినే బాక్టీరియాకు పేటెంటు ఇవ్వవచ్చునని 5–4 ఆధిక్యతతో తీర్పు చెప్పింది. జీవి కూడా సొత్తు అయింది. రొమ్ము క్యాన్సర్‌కు సంబంధించిన మానవ జన్యువుల మీద ఒక కంపెనీ సంపాదించిన హక్కును అదే కోర్టు 2013లో కొట్టివేసింది. ప్రకృతిలో ఉన్న డి.ఎన్.ఎ.ను వేరుచేసినంత మాత్రాన అది నూతన కల్పన కాదంది. అయితే ఆర్.ఎన్.ఎ. నుంచి తిరిగి రాయించిన డి.ఎన్.ఎ.కు మాత్రం ఆ తలుపు తెరిచే ఉంచింది.

ఒకే విద్య రెండు రకాలుగా మన ప్రజల ముందుకు వచ్చిన తీరు చూద్దాం. హెపటైటిస్-బి వైరస్ పైపొర ప్రోటీన్ జన్యువును ఈస్ట్ కణాలలో పెట్టి టీకా తయారు చేస్తారు. వైరస్ మొత్తం లేదు గనుక జబ్బు రాదు, శరీరం మాత్రం శత్రువును గుర్తుపడుతుంది. ఈ టీకా విదేశాలలో 1986లోనే వచ్చింది. మన దేశంలో దిగుమతి టీకా డోసు వందల రూపాయలు పలికేది. అప్పటి మన పేటెంటు చట్టం మందుల తయారీ పద్ధతికే హక్కు ఇచ్చేది. మందుకు ఇచ్చేది కాదు. మరో పద్ధతిలో చేసుకునే దారి తెరిచి ఉంది. ఆ వీలుతో, ప్రభుత్వ పరిశోధనాలయాల ఆసరాతో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో సొంతంగా టీకా తయారుచేసి, 50 రూపాయల స్థాయికి దించింది. దేశమంతటా పసిపిల్లలకు ఈ టీకా ప్రభుత్వమే వేయగలగడానికి ఇది ఒక మెట్టు. ఆ సంస్థ కూడా 2009లో ఫ్రెంచి కంపెనీ చేతికి పోయిందన్నది వేరే కథ.

రెండోది పత్తి. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే నేల బాక్టీరియాలోని ఒక జన్యువు, కాయతొలుచు పురుగుల పేగును ఛిద్రం చేసే ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది. ఆ జన్యువును పత్తిలో చొప్పించినదే బి.టి. పత్తి. 1997–98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు చూసిన నేల మనది. 2002లో అనుమతి పొందిన ఈ విత్తనం మీద రైతు ఆశపెట్టుకోవడం సహజం. శనగపచ్చ పురుగు తగ్గింది, మొదట్లో మందు పిచికారీ తగ్గింది. కాని 450 గ్రాముల పాకెట్టు 1,600 రూపాయలు దాటింది. అందులో 1,250 రూపాయలు కేవలం ఆ జన్యువు కోసం మోన్‌శాంటో వర్గం వసూలు చేసే రుసుము. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్ళింది. తర్వాత ధర 750 రూపాయలకు దిగింది. పైగా ఇక్కడ అమ్మినవి హైబ్రిడ్లు. రైతు తన చేలో విత్తనం దాచుకొని లాభం లేదు, ఏటా కొనాల్సిందే. చైనాలో ప్రభుత్వ శాస్త్రజ్ఞులు బి.టి. జన్యువును సొంతంగా రూపొందించుకున్నారని గుర్తుంచుకోవాలి.

పురుగు కూడా ఊరుకోలేదు. ఒకే విషాన్ని లక్షల ఎకరాల్లో ఏటా ఎదుర్కొంటే, తట్టుకొనే పురుగులే మిగిలి పిల్లలు పెడతాయి. ఇది పరిణామ సూత్రం. గులాబీ రంగు పురుగు మొదటి జన్యువును తట్టుకున్నదని 2010లో కంపెనీయే ఒప్పుకుంది. తర్వాత రెండో జన్యువునూ తట్టుకుంది. రసం పీల్చే పురుగుల మీద ఈ ప్రోటీన్ ఎప్పుడూ పనిచేయలేదు. బి.టి. పత్తి అద్భుతమని ఊదరగొట్టినవారు డార్విన్‌ను మరిచారు. అది మంత్రగాళ్ళ విషమని భయపెట్టినవారు జీవరసాయనాన్ని మరిచారు. సి.సి.ఎం.బి. స్థాపకుడు పుష్ప ఎం. భార్గవ వంటివారు కోరినది ఈ రెండూ కాదు. కంపెనీలతో సంబంధం లేని, బహిరంగమైన, సమగ్రమైన పరీక్షలు కావాలన్నారు.

ఇప్పుడు చరిత్ర మరో మలుపులో ఉంది. 2012లో వచ్చిన క్రిస్పర్ అనే కొత్త కత్తెర కూడా బాక్టీరియా వైరస్‌లతో పోరాడేందుకు వాడే ఆయుధమే. దానితో సికిల్ సెల్ రోగికి చేసే చికిత్స 2023 చివర బ్రిటన్‌లో, అమెరికాలో అనుమతి పొందింది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. వ్యాధి ఉన్నది గూడేల్లో, మందు ఉన్నది డాలర్లలో.

కనుక జన్యుశాస్త్ర విద్యార్థి కోడాన్ల పట్టికతో పాటు పేటెంటు చట్టాన్నీ చదవాలి. రచయితలు 'రక్తం', 'వంశం', 'బీజం' అనే మాటలు రాసేటప్పుడు ఆ మాటల వెనుక ఏ సిద్ధాంతం నిలబడి ఉందో చూసుకోవాలి. అరలక్ష రూపాయల పరికరం లేక జన్యుప్రయోగాన్ని బొమ్మల్లోనే చూసే జిల్లా కాలేజీ పిల్లలు ఈ దేశంలో వేలల్లో ఉన్నారు. వారి చేతికి ఆ పరికరం అందితే, ఏ గూడెం జబ్బు గురించి పరిశోధించాలో, ఏ రైతు విత్తనాన్ని బాగుచేయాలో వారికి ఒకరు చెప్పనవసరం లేదు.